సముద్రం రోడ్డు పక్కన ఉండదు

ప్రశ్న: మాది హైదరాబాద్. నాకు 33 ఏళ్లు. దసరాకి అటూ ఇటూ శని, ఆదివారాలు కలుపుకుని తొమ్మిది రోజులు సెలవు పెట్టుకున్నాను. నేనూ మా ఆవిడా బుల్లెట్ మీద ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఆంధ్రా తీరం మొత్తం చుట్టి రావాలని ప్లాన్. బండి మా బావమరిదిది, క్లాసిక్ 350. రోజుకు 300 కిలోమీటర్ల లెక్కన వేసుకున్నాను. పగలంతా సముద్రం పక్కన రైడింగ్, సాయంత్రం సముద్రంలోకి దిగే సూర్యుడు, ఇదీ నా ఊహ. ఇప్పటిదాకా బండి మీద నేను వెళ్లిన పెద్ద ప్రయాణం శ్రీశైలమే. మా అమ్మ బండి మీద వద్దంటే వద్దంటోంది. మా ఆవిడకు చేనేత అంటే ప్రాణం, ఆ ఊళ్లన్నీ చూడాలని ఉంది. కానీ రోజుకు ఎనిమిది గంటలు వెనక బస్తాలా కూర్చోవడం తన వల్ల కాదంటోంది. ఈ ప్లాన్ కుదురుతుందా?

జవాబు:

కుదరదండీ. మీ ముగ్గురిలో మీ ఆవిడ లెక్కే సరైనది.

మీ లెక్క ఒకసారి చూద్దాం. ఇచ్ఛాపురం ఒడిశా సరిహద్దులో ఉంది. హైదరాబాద్ నుంచి అక్కడికి చేరడానికే 800 కిలోమీటర్లు దాటుతుంది. తీరం పొడవు 974 కిలోమీటర్లని చిన్నప్పుడు బళ్లో బట్టీ పట్టాం. తమిళనాడు అంచున ఉన్న తడ నుంచి మళ్లీ మీ ఇల్లు 550 అనుకోండి. అన్నీ కలిపితే 2,300 పైనే. రోజుకు 300 చొప్పున తొమ్మిది రోజులకు 2,700 కదా అని మీరు ధైర్యంగా ఉన్నట్టున్నారు. కాగితం మీద సరిపోయింది. కానీ ఆ వేగంతో వెళ్లాలంటే ఇచ్ఛాపురం నుంచి తడ దాకా 16వ నంబరు జాతీయ రహదారి వదలకూడదు. అలా వెళ్తే మీకు కనిపించేవి లారీలు, టోల్ గేట్లు, దాబాలు. దానికి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద తొమ్మిది చుట్లు కొట్టినా ఒకటే.

అసలు విషయం వేరే ఉంది. మ్యాపులో తీరం పక్కనే గీత కనిపిస్తే రోడ్డు సముద్రం ఒడ్డునే ఉంటుందని అందరూ అనుకుంటారు. నేనూ మొదటిసారి అలాగే అనుకున్నాను. మన తీరపు రోడ్డు 216వ నంబరు జాతీయ రహదారి. కత్తిపూడి దగ్గర 16 నుంచి విడిపోయి కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా వెళ్లి ఒంగోలులో మళ్లీ 16లో కలుస్తుంది. 400 కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఈ రోడ్డు పొడవునా వరి చేలు, కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు కనిపిస్తాయి. సముద్రం మాత్రం కనిపించదు. గోదావరి, కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు నేల ఇది. ఒడ్డు వెంట ఉప్పు తేలిన పర్ర భూములు, మడ అడవులు, ఉప్పుటేళ్లు ఉంటాయి. రోడ్డేమో గట్టి నేల వెతుక్కుంటూ లోపలికి జరిగింది. సముద్రం చూడాలంటే ప్రతిసారీ 216 దిగి, పదో ఇరవయ్యో కిలోమీటర్లు సన్న రోడ్డులో వెళ్లి, వెళ్లిన దారినే వెనక్కి రావాలి. రెండు రేవుల మధ్య ఒడ్డు వెంటే పోదామంటే మధ్యలో ఏదో ఒక ఏరు అడ్డం పడుతుంది. నిజంగా సముద్రం పక్కన నడిచే రోడ్డు మీకు రెండు చోట్ల దొరుకుతుంది: ఉప్పాడ దగ్గర, విశాఖ నుంచి భీమిలి వెళ్లేటప్పుడు.

అందుకని రోజుకు ఎన్ని కిలోమీటర్లు అనే లెక్క పక్కన పెట్టండి. రోజుకు ఒక సముద్రపు ఒడ్డు, పని పెట్టుకుని చూసే ఊరు ఒకటి. అంతే పెట్టుకోండి. 120 నుంచి 160 కిలోమీటర్ల మధ్య తేలుతుంది. బండి నడిపేది నాలుగున్నర గంటలకు మించదు. 216 మీద గంటకు 50 దాటితే మీరు హడావుడిలో ఉన్నట్టే.

ఇంకో మాట, కోప్పడకండి. మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు సముద్రంలోకి దిగేది గోవాలో. మన దగ్గర సముద్రంలోంచి పైకి వస్తాడు. సాయంత్రం ఆరింటికి సూర్యలంక ఒడ్డున నిలబడితే సూర్యుడు మీ వీపు వెనక సరుగుడు తోటల్లోకి దిగుతాడు. కాబట్టి రాత్రి బస వీలైనంత ఒడ్డుకు దగ్గరగా పెట్టుకుని, తెల్లవారుజామున ఐదున్నరకు లేవండి. సాయంత్రాలు అంతర్వేదికి దాచుకోండి. అదెందుకో తర్వాత చెబుతాను.

దసరా వద్దు. అక్టోబరు, నవంబరు నెలలు మన తీరానికి తుపాన్ల కాలం. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. కోనసీమ కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసిన తుపాను 1996 నవంబరు 6న వచ్చింది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. ప్రతి ఏడూ అలాగే వస్తుందని కాదు. కానీ అల్పపీడనం అన్న మాట వార్తల్లో వచ్చినప్పుడల్లా మీ అమ్మగారి నుంచి ఎన్ని ఫోన్లు వస్తాయో ఆలోచించుకోండి. డిసెంబరులో వర్షాలు తగ్గుతాయి గానీ డెల్టా అంతా కోతలు, నూర్పిళ్లు. రోడ్డు సగం ధాన్యం కళ్లంగా మారిపోతుంది. సంక్రాంతికి గది దొరకదు, కోడి పందేల బరులకు పోయే కార్లతో కోనసీమలో అడుగు తీసి అడుగు వేయలేం. జనవరి 20 తర్వాత, ఫిబ్రవరి నెలాఖరు లోపు వెళ్లండి. పంచాంగం ఒకసారి చూసుకోండి. మాఘ శుద్ధ దశమికి అంతర్వేదిలో కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. ఆ రెండు మూడు రోజులు అక్కడ బండి పెట్టే చోటు కూడా ఉండదు. మాఘ పౌర్ణమికి హంసలదీవి దారీ అంతే.

ప్రయాణం దిశ కూడా తిప్పేయండి. మీరు ఉత్తరం నుంచి దక్షిణానికి రాసుకున్నారు. చలికాలం మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు నైరుతిలో ఉంటాడు. తీరం వెంట దక్షిణానికి దిగితే మీరు వెళ్లేదీ సరిగ్గా అటే. రెండు గంటలు ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది. కింది నుంచి పైకి వెళ్తే అదే ఎండ వీపుకు తగులుతుంది, ముందున్న చేలన్నీ బంగారంలా ఉంటాయి. పైగా ఇలా వెళ్తే విశాఖలో ముగుస్తుంది. అక్కడ బండిని రైల్లో పార్శిల్ వేసి, మీరిద్దరూ హాయిగా బెర్తు మీద పడుకుని ఇంటికి రావచ్చు. ముందే బండిని రైల్లో విశాఖ పంపి అక్కడ మొదలుపెట్టే పద్ధతీ ఉంది. కానీ అలా పంపిన బండి మీరు దిగిన రోజే రాకపోతే సెలవులన్నీ స్టేషను దగ్గరే కరిగిపోతాయి. తిరుగుప్రయాణంలో అది రెండు రోజులు ఆలస్యమైతే మనకు పోయేదేమీ లేదు.

ఇక రోజులు. శనివారం తెల్లవారుజామున బయల్దేరి నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా చీరాల. దాదాపు 300 కిలోమీటర్లు. మొత్తం ట్రిప్పులో పొడవైన రోజు ఇదే. ఒళ్లు తాజాగా ఉంటుంది, రోడ్డు బాగుంటుంది, అయిపోతుంది. రాత్రికి చీరాలలోనో, వాడరేవులోనో ఉండండి.

మర్నాడు వాడరేవులో సూర్యోదయం చూశాక మీ ఆవిడ వెనక మగ్గాల దగ్గరికి నడవండి. తర్వాత ఓ గంట ఉంటే వేటపాలెం పోయి సారస్వత నికేతనం చూడండి. 1918లో మొదలైన గ్రంథాలయం. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. ఆ దగ్గర్లోనే మోటుపల్లి ఉంది. ఇవాళ చూస్తే మామూలు పల్లె. కాకతీయుల కాలంలో పెద్ద ఓడరేవు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా అప్పటి రాజులు లాగేసుకునేవారట. ఇకమీదట అలా చేయం, సుంకం మాత్రమే తీసుకుంటాం, భయం లేకుండా రండి అని గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు. ఈ తీరం గురించి నాకు బాగా నచ్చిన కథ ఇదే. అందుకే అడగకపోయినా చెప్పాను.

అక్కడి నుంచి బాపట్ల, రేపల్లె, పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటి దివిసీమ. అవనిగడ్డ నుంచి కోడూరు మీదుగా హంసలదీవి. వేణుగోపాలస్వామి గుడి దాకా రోడ్డు బాగానే ఉంటుంది. అది దాటి కృష్ణ సముద్రంలో కలిసే చోటికి పోయే కొద్దీ ఇసుక. బుల్లెట్ బరువు 190 కిలోల పైన. దాని మీద ఇద్దరు, సంచులు. ఇసుకలో దిగబడితే లాగడానికి ఊళ్లోకి పరిగెత్తాలి. గట్టి నేల ఎక్కడ ఆగితే అక్కడే బండి ఆపి నడవండి. ఎండ ఉండగానే వెనక్కి తిరగండి. 1977 ఉప్పెనలో వేల మంది పోయింది ఈ నేల మీదే. ఇక్కడ టీ కొట్టు దగ్గర అరవై దాటిన వాళ్లెవరైనా కనిపిస్తే ఆ రాత్రి సంగతి మీరు అడగక్కర్లేదు, మాటల్లో వాళ్లే ఎత్తుతారు. రాత్రికి బందరు. 165 కిలోమీటర్ల దాకా అవుతుంది.

ఈ రోజు మీరు జాగ్రత్తగా ఉండాల్సింది లారీలతో కాదు, మినుములతో. వరి అయ్యాక కృష్ణా డెల్టాలో మినుము వేస్తారు. ఫిబ్రవరి వచ్చేసరికి పీకిన మినుము కట్టెను బళ్ల చక్రాల కింద నలగాలని రోడ్డు మీద పరుస్తారు. కారుకు ఫర్వాలేదు, బైకుకు ప్రమాదం. ఓ డిసెంబరులో రేపల్లె దాటాక నేను రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీదుగా పోతూ ముందు బ్రేకు పట్టుకున్నాను. గింజలు టైరు కింద బాల్ బేరింగుల్లా దొర్లాయి, బండి ఒక పక్క, నేను ఒక పక్క. మోచెయ్యి చెక్కుకుపోయింది. ఆ రైతు పరిగెత్తుకొచ్చి నన్ను లేపి, నీళ్లిచ్చి, ఆ తర్వాత చెదిరిన ధాన్యం పారతో సర్దుకుంటూ మెల్లగా చివాట్లు కూడా పెట్టాడు. తప్పు నాదే. పంట కనిపిస్తే దూరం నుంచే వేగం తగ్గించండి. దాని మీదకు ఎక్కాక బ్రేకు ముట్టుకోవద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, అదే గేరులో మెల్లగా దాటేయండి.

సోమవారం పొద్దున మంగినపూడి బీచ్, పది గంటలకు పెడన. కలంకారీ అద్దకం దగ్గరుండి చూడాల్సిన పని. చెక్క అచ్చును రంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి, చేత్తో ఒక్క దెబ్బ వేస్తారు. ముందు వేసిన పువ్వు అంచుకు తర్వాత పువ్వు అంచు ఎక్కడా తేడా రాకుండా కలుస్తుంది. కొలత టేపు ఉండదు, గీత ఉండదు. బందరు లడ్డూ ఎలాగూ కొంటారు, పావుకిలో చాలు, ఇంకా కాకినాడ కాజా ఉంది. పెడన నుంచి కృత్తివెన్ను, ఉప్పుటేరు దాటితే లోసరి, నరసాపురం. దారి పొడవునా రొయ్యల చెరువులు, వాటిలో తిరిగే ఏరియేటర్లు. చేపల వ్యాన్లు నీళ్లు కార్చుకుంటూ పోతాయి. ఆ తడి మీద, చెరువు మట్టి పడిన చోట రోడ్డు సబ్బులా ఉంటుంది.

నరసాపురంలో ఆగి వశిష్ఠ గోదావరి రేవుకు వెళ్లండి. అవతల సఖినేటిపల్లి. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి కూడా పోవచ్చు. కానీ పంటు ఎక్కకుండా వెళ్తే నన్నడిగితే ఈ ప్రయాణంలో సగం పోయినట్టే. రెండు పడవలు జోడించి పైన చెక్కలు పరిచినట్టుండే దీని మీద మనుషులు, సైకిళ్లు, బైకులు, కార్లు, పాల క్యాన్లు, పెళ్లికి పోయే వాళ్లు అందరూ ఎక్కుతారు. ఎక్కేటప్పుడు మీ ఆవిడను ముందే దించేయండి. ఒడ్డుకూ పంటుకూ మధ్య వేసిన పలక తడిగా, బురదగా ఉంటుంది. మొదటి గేరులో, రెండు కాళ్లూ కింద ఆనించుకుంటూ, ఆగకుండా ఎక్కాలి. సగంలో జంకి ఆగితే బండి వెనక్కి జారుతుంది. నాకు ఒకసారి అదే జరిగింది. వెనక నిలబడ్డ నలుగురు నేను అడక్కముందే చెయ్యేసి తోసేశారు, అదీ అక్కడ మామూలే. ఎక్కాక గేరులోనే ఉంచి ఇంజిన్ ఆపేయండి. బండి పక్కనే నిలబడండి, మధ్యలో నీళ్ల ఊపుకు సైడ్ స్టాండు మీద ఉన్న బళ్లు కదులుతాయి. చిల్లర దగ్గర పెట్టుకోండి. వరదల రోజుల్లో పంటు ఆపేస్తారు గానీ మీరు వెళ్లేసరికి ఆ భయం ఉండదు. చీకటి పడేదాకా మాత్రం ఆలస్యం చేయకండి.

అవతలి ఒడ్డు నుంచి అంతర్వేది పది పన్నెండు కిలోమీటర్లు. మీ సూర్యాస్తమయం ఇక్కడుంది. అంతర్వేదికి పడమట వశిష్ఠ, దక్షిణాన సముద్రం. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని సాయంత్రం ఐదుకల్లా అన్నాచెల్లెళ్ల గట్టు వైపు నడిస్తే నది మీదుగా సూర్యుడు దిగడం కనిపిస్తుంది. ఇటు తలతిప్పితే సముద్రం. రాత్రి దేవస్థానం గదుల్లోనే ఉండండి.

మంగళవారం కోనసీమ. రాజోలు, పాశర్లపూడి, బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటి అమలాపురం, ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన మీద గౌతమి దాటి యానాం. 1995 జనవరిలో ఓఎన్‌జీసీ గ్యాస్ బావి పేలి రెండు నెలలకు పైగా మండింది ఈ పాశర్లపూడిలోనే. ఇప్పుడు ఆ దారిన పోతుంటే కొబ్బరి చెట్లు తప్ప ఏ గుర్తూ కనిపించదు. హోటల్లో ఎవరైనా పులస ఉందంటే నమ్మకండి. పులస వచ్చేది వరద నీళ్లతో, శ్రావణ భాద్రపదాల్లో. ఫిబ్రవరిలో మీ కంచంలోకి వచ్చేది ఇంకేదో చేప, ధర మాత్రం పులసది.

యానాం పుదుచ్చేరిది. ఫ్రెంచి వాళ్లు 1954 దాకా ఏలారు. పెట్రోలు ఆంధ్రా కంటే చవక, ట్యాంకు నింపుకోండి. మందు కూడా చవకే, అందుకే చెప్తున్నాను: మీ స్నేహితులు ఎవరైనా రెండు సీసాలు తెమ్మంటే నవ్వి ఊరుకోండి. సరిహద్దు దాటించడం నేరం. బావమరిది బండి మీద దొరికితే ఆ కథ మీ అత్తగారింట్లో పదేళ్లు నడుస్తుంది.

యానాం దాటాక కోరంగి. మడ అడవి లోపలికి చెక్కల బాట ఉంటుంది. పోటు సమయానికి వెళ్తే బాట కింద నీళ్లు, ఆటుకు వెళ్తే బురదలో ఎర్ర పీతలు. రెండూ బాగుంటాయి. 1839 నవంబరు తుపాను దెబ్బకు మళ్లీ లేవలేకపోయిన రేవు ఇది. అంతకు ముందూ ఆ తర్వాతా ఈ వైపు నుంచి ఎంతమంది సముద్రం దాటారంటే బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలు అనేవారు. రాత్రికి కాకినాడ. గొట్టం కాజా కొన్నాక సంచిలో అడుగున పెట్టకండి, పాకం కారుతుంది.

బుధవారం ఉప్పాడ. ఈ ఊరిని సముద్రం ఏటా కొంచెం కొంచెం కొరుక్కు తింటోంది. రోడ్డు పక్కన రాళ్లు పోశారు, అయినా గాలి ఉన్న రోజు కెరటం రోడ్డు మీదకు దూకుతుంది. అలాంటి రోజు పోలీసులు దారి మూసేస్తే పిఠాపురం మీదుగా వెళ్లండి. జాందానీ మగ్గం దగ్గర మీ ఆవిడను తొందరపెట్టకండి. చిన్న చిన్న కండెలు చేత్తో తోస్తూ ఒక్కో పువ్వూ వేస్తారు, చీర తిరగేసినా పువ్వు అలాగే ఉంటుంది. ఆమె అక్కడ రెండు గంటలు ఉంటారు. మీరు పక్క కొట్టులో టీ తాగండి. కొన్నవి బండి మీద మోయకుండా అక్కడి నుంచే కొరియర్ చేయించండి. తర్వాత కోనపాపపేట, తొండంగి మీదుగా తుని చేరి 16 ఎక్కితే అనకాపల్లి, విశాఖ. ఓపిక ఉంటే అనకాపల్లి పక్కన బొజ్జన్నకొండ, పాత బౌద్ధ క్షేత్రం. లేకపోతే మానేయండి.

గురువారం సంచులన్నీ గదిలో పడేసి ఖాళీ బండితో భీమిలి రోడ్డు. మొదట్లో మీరు ఊహించుకున్న రోడ్డు ఇదే. ముప్ఫై కిలోమీటర్ల లోపే. తొట్లకొండ ఎక్కండి, ఎర్రమట్టి దిబ్బల్లో నడవండి, బండి మాత్రం దిబ్బల మీదకు ఎక్కించకండి. భీమిలిలో డచ్చి వాళ్ల సమాధులు చూసి, గోస్తనీ సముద్రంలో కలిసే చోట కూర్చోండి. శుక్రవారం బండి పార్శిల్. శనివారం, ఆదివారం ఖాళీగా ఉంచండి. వానో, జ్వరమో, పంక్చరో ఎప్పుడో ఒకప్పుడు ఆ రోజులు అడుగుతాయి. శ్రీకాకుళం వైపు కళింగపట్నం, బారువ, కింద నెల్లూరు వైపు మైపాడు, పులికాట్ కొంగలు, ఇవన్నీ ఇంకో ఏడాదికి.

మీ ఆవిడ సంగతి. ఆమె అడిగింది న్యాయం. 45 నిమిషాలకోసారి ఆగండి, మీకు అక్కర్లేకపోయినా ఆగండి. బాత్రూముల లెక్క మగవాళ్లు వేసుకోరు. పెద్ద పెట్రోలు బంకులు, దేవస్థానాలు, కాస్త మంచి హోటళ్లు, వీటిని బట్టే ఆగే చోట్లు ముందు రాసుకోండి. ఆమెకూ పూర్తి ముఖం కప్పే హెల్మెట్ కొనండి, మీరు పాతది ఇచ్చి కొత్తది పెట్టుకోకండి. చున్నీ, చీర కొంగు వెనక చక్రంలో చిక్కుకుని మెడలు విరిగిన సందర్భాలు ఉన్నాయి. జీన్సు, జాకెట్టు వేసుకోమనండి. చేనేత ఊళ్లు ఏ రోజు, ఎంతసేపు అన్నది ఆమెనే రాయమనండి.

అమ్మగారికి వాదన పనికిరాదు. ఏ రాత్రి ఎక్కడ ఉంటున్నారో, ఆ బస ఫోను నంబరేమిటో తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. సాయంత్రం ఆరింటికల్లా బండి ఆపేస్తామని మాట ఇవ్వండి, ఆరుంపావుకు ఫోన్ చేయండి. ఒక్కరోజు ఆ ఫోను మరిచిపోయారా, మిగతా రోజులన్నీ టెన్షనే. కాలవ గట్ల మీది రోడ్లకు రెయిలింగులు ఉండవు, లైట్లు ఉండవు, గేదెలు మాత్రం ఉంటాయి. కాబట్టి ఆరింటి మాట ఆమె కోసమే కాదు.

బండి సర్వీసింగ్ వెళ్లే ముందు రోజు కాదు, పది రోజుల ముందు చేయించండి. సర్వీసింగులో వదులుగా వదిలేసిన నట్టు ఏదైనా ఉంటే ఊళ్లోనే బయటపడుతుంది. బ్రేకు ప్యాడ్లు, చైన్, టైర్లు చూపించండి. పుల్లల చక్రాలైతే లోపల ట్యూబు ఉంటుంది, ఒక స్పేర్ ట్యూబూ, క్లచ్ కేబులూ సంచిలో పెట్టుకోండి. దివిసీమలో పంక్చరు వేసేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు, మీ సైజు ట్యూబే దొరక్కపోవచ్చు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు మీ ఫోన్లోనూ దించుకోండి. బండి మీ పేరు మీద లేదు కాబట్టి, పార్శిల్ వేయడానికి బావమరిది చేత ఒక ఉత్తరం రాయించుకుని అతని ఆధార్ జిరాక్సు కూడా దగ్గర పెట్టుకోండి. మొత్తం 900 పైచిలుకు కిలోమీటర్లు తిరుగుతారు, ముప్ఫై లీటర్ల పెట్రోలు అనుకోండి.

ఒడ్డున బండి నిలిపేటప్పుడు సైడ్ స్టాండు ఇసుకలో దిగిపోయి బండి ఒరిగిపోతుంది. స్టాండు కింద పలక రాయో, కొబ్బరి మట్ట మొదలో పెట్టండి. నీళ్లలోకి దిగితే మోకాళ్ల దాకానే. సూర్యలంకలో, వాడరేవులో, విశాఖలో ఏటా కుర్రాళ్లు కొట్టుకుపోతూనే ఉన్నారు. వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఇక చివరి పని. రైల్లో వేసే ముందు ట్యాంకులో పెట్రోలు మొత్తం తీసేయాలి, కాబట్టి గురువారం భీమిలి వెళ్లేటప్పుడు కావలసినంతే పోయించుకోండి. శుక్రవారం పొద్దున పార్శిల్ ఆఫీసుకు వెళ్లేముందు ఏదైనా వాటర్ సర్వీసింగ్ దగ్గర ఆగి మంచినీళ్లతో బండి మొత్తం కడిగించండి, చైన్‌కు నూనె పెట్టించండి. ఆరు రోజుల ఉప్పుగాలికి సైలెన్సరు, పుల్లలు తుప్పు పడతాయి. మీ బావమరిది పైకి ఏమీ అనకపోవచ్చు గానీ, ముందు అతని చూపు పోయేది అక్కడికే.